ఒక తూముకు ఒక్కడే లస్కరు

మా బావకు ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెంలో డీటీపీ షాపు ఉంది. రోడ్డు వైపు గదిలో కంప్యూటరు, ప్రింటరు, గోడ నిండా శుభలేఖల నమూనాలు. వెనక గదుల్లో సంసారం. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, గృహప్రవేశాలు, సర్పంచ్ ఎన్నికలొస్తే కరపత్రాలు. ఇరవై ఏళ్లకు పైగా చేసిన ప్రతి పనినీ ఆయన దాచిపెట్టుకున్నాడు. పెద్దమ్మాయి పెళ్లికి కార్డు చేయించినవాళ్లు చిన్నమ్మాయి పెళ్లికీ ఆ షాపుకే వస్తారు. "అప్పుడు చేసినట్టే చెయ్యి, అక్షరాలు కూడా అవే ఉండాలె" అంటారు. పాత ఫైలు తెరిచి పేర్లు, ముహూర్తం, వేదిక మారిస్తే గంటలో పని అయిపోతుంది. ఫైలు దొరక్కపోతే మొదటినుంచీ కూర్చోవాలి.

ఆ ఫైళ్లలో చాలావరకు అడోబీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసినవి. తెలుగునాట అచ్చుపని తెలిసిన వాళ్లందరికీ ఈ జంట పరిచయమే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో అడోబీ దానికి మెరుగులు దిద్దడం మానేసింది. అయినా మన మండల కేంద్రాల్లో దాని మీద ఇప్పటికీ పనులు నడుస్తున్నాయి. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా నిల్వ ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో తలకట్టును ఒకచోట, కొమ్మును ఒకచోట, ఒత్తును ఇంకోచోట కూర్చోబెట్టి, వాటిని పక్కపక్కన పేర్చి 'శ్రీరస్తు' అనిపిస్తారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని రోమన్ గుర్తులు బారులు తీరుతాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. వాటితో మాటలు దక్కుతాయి గానీ కార్డు అమరిక దక్కదు. కాబట్టి ఆ ఫైలు బతకాలంటే ఫాంటు బతకాలి, పేజ్‌మేకర్ బతకాలి, ఆ రెండింటినీ మోసే విండోస్ బతకాలి.

దాచే పనికి మాత్రం నాకు లినక్స్ మీద గురి ఎక్కువ. రెండు డిస్కుల్లో ఒకే సమాచారాన్ని జంటగా రాయడం, రాసిన ప్రతి ముక్కకూ ఒక సరిచూపు సంఖ్య కట్టి తర్వాత అది చెడిందో లేదో పోల్చుకోవడం, నిన్నటి స్థితిని ఫొటో తీసినట్టు దాచి కావాలంటే వెనక్కి వెళ్లడం లాంటివన్నీ అక్కడ పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. తెలుగులో వాడుకోవడానికీ ఇబ్బంది లేదు. స్వేచ్ఛ సంస్థ వాళ్లు డెబియన్ లినక్స్‌ను తెలుగు చేసి ఇచ్చిన సంగతి చాలామందికి తెలిసిందే. అలా షాపు ఫైళ్లూ ఇంటి ఫొటోలూ దాచే సర్వర్‌గా పెట్టిన ఒకే పెట్టెలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు అవసరమయ్యాయి. ఒకటి దాచడానికి, ఒకటి తెరవడానికి.

మొదటిసారి ఆ పని నేను తప్పుగా చేశాను. ఒక చిన్న డిస్కు మీద విండోస్, ఇంకో చిన్నదాని మీద లినక్స్ ఎక్కించాను. షాపు ఫైళ్లన్నీ ఉన్న పెద్ద డిస్కు రెండింటికీ ఉమ్మడి. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఏది కావాలో ఎంచుకోవడమే. దీన్ని డ్యూయల్ బూట్ అంటారు. పగలు బావ విండోస్‌లో పని చేసుకుని షట్‌డౌన్ చేసేవాడు. రాత్రి నేను లినక్స్ తెరిచి ఇంట్లోవాళ్ల ఫోన్ల ఫొటోలు అందులోకి ఎక్కించేవాణ్ణి. మొదటి రాత్రే లినక్స్ అడ్డు చెప్పింది. ఆ డిస్కును విండోస్ సరిగా వదల్లేదనీ, చదువుకోనిస్తాను గానీ రాయనివ్వననీ దాని మాటల సారాంశం. ఆ అడ్డును బలవంతంగా దాటించే ఆదేశమొకటి ఉంటే వెతికి పట్టుకుని కొట్టాను. మర్నాడు పొద్దున బావ ఫోన్.

"బామ్మర్దీ, పదకొండో సంవత్సరం యాడికి పోయిందిరా?"

2011 అనే ఫోల్డర్ పేరు అలాగే ఉంది. లోపల ఏమీ లేదు. కొన్ని ఫైళ్లు బావ ఎప్పుడో కాల్చి పెట్టుకున్న డీవీడీల్లో దొరికాయి. కొన్ని ఎక్కడా దొరకలేదు. ఆ లోటు నా వల్ల వచ్చింది. అందుకే దీని గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏం జరిగిందో చెప్పడానికి మా పక్క కాల్వల దగ్గరికి పోవాలి. మాకు దగ్గర్లోనే, కూసుమంచి మండలంలో, సాగర్ ఎడమ కాల్వ మీద పాలేరు జలాశయం ఉంది. 2017 జనవరి 31న మొదలైన భక్త రామదాసు ఎత్తిపోతలతో ఆ నీళ్లు మా మండలం మెట్ట పొలాలకు కూడా ఎక్కాయి. కాల్వ మీద తూము దగ్గర ఒక లస్కరు ఉంటాడు. తాళంచెవి ఆయన దగ్గరే, నీటిమట్టం రాసుకునే పుస్తకమూ ఆయన దగ్గరే. ప్రతి నిమిషం పోయి కొలబద్ద చూడడు. పొద్దున చూసి రాసుకున్న లెక్కను బట్టి, తాను ఎంత వదిలాడో తనకు తెలుసు కనుక, తర్వాతి పని చేస్తాడు. ఆ లెక్క ఎప్పుడు చెల్లుతుంది? తూము మీద ఇంకెవరూ చెయ్యి పెట్టనంతవరకే. ఆయనకు తెలియకుండా ఇంకో లస్కరు వచ్చి, తన పుస్తకంలోని లెక్కతో గేటు ఎత్తితే, ఇద్దరి పుస్తకాలూ అబద్ధమవుతాయి. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ పని వచ్చు, అయినా చివరి పొలం ఎండుతుంది లేదా గట్టు తెగుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కుతో చేసే వ్యవహారం అచ్చం ఇలాంటిదే. డిస్కు నెమ్మదైనది. ప్రతి చిన్న విషయానికీ దాని దగ్గరికి పోతే పని సాగదు. అందుకని ఏ ఫైలు ఎక్కడుంది, ఏ గడి ఖాళీగా ఉంది అన్న పట్టికను తన మెమరీలో పెట్టుకుని దాన్నే నమ్ముతుంది. కొత్తగా రాయాల్సింది కూడా కాసేపు మెమరీలో ఉంచుకుని, తీరిక చూసుకుని డిస్కులోకి దింపుతుంది. డిస్కు తనొక్కదానిదే అన్న ధీమాతో కట్టిన పద్ధతి ఇది. రెండో సిస్టమ్ అదే డిస్కులో రాస్తే మొదటిదానికి కబురు అందదు. తన పట్టికలో ఖాళీ అని ఉన్న గడిలో నిక్షేపంగా రాసేస్తుంది. ఆ గడిలో అప్పటికే ఎవరి ఫైలో ఉంటుంది.

డ్యూయల్ బూట్‌లో రెండు సిస్టమ్‌లు ఒకేసారి నడవవు కదా, మరి నా డిస్కు ఎలా చెడింది? అక్కడే ఉంది మెలిక. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగిపోదు. తన లోపలి మెమరీని ఒక ఫైల్లోకి దింపి పడుకుంటుంది. మర్నాడు తొందరగా లేవడానికి ఆ వెసులుబాటు. పుస్తకం జేబులో పెట్టుకుని, తాళంచెవి ఎవరికీ అప్పగించకుండా చెట్టు కింద కునుకు తీసిన లస్కరు లాంటిది. నేను రాత్రి వచ్చి తాళం పగలగొట్టి గేటు తిప్పాను. పొద్దున ఆయన లేచి నిన్నటి పుస్తకం ప్రకారం మళ్లీ తిప్పాడు. లినక్స్ చేసిన హెచ్చరిక సరిగ్గా ఇదే. డ్యూయల్ బూట్ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ముందుగా చేయాల్సిన పని, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేయడం. ఇంకో విశేషం, రీస్టార్ట్ నొక్కినప్పుడు విండోస్ నిజంగానే పూర్తిగా ఆగి మళ్లీ మొదలవుతుంది. షట్‌డౌన్‌లోనే ఈ కునుకు.

రెండో చిక్కు గడియారానిది. మదర్‌బోర్డు మీద బటన్ సెల్‌తో నడిచే చిన్న గడియారం ఉంటుంది. అందులో ఉన్నది స్థానిక కాలమని విండోస్ అనుకుంటుంది. అది ప్రపంచ ప్రామాణిక కాలమని లినక్స్ అనుకుంటుంది. మన దేశంలో ఆ రెండింటికీ తేడా ఐదున్నర గంటలు. విండోస్ ఉదయం పది అని రాసి వెళ్తే, తర్వాత వచ్చిన లినక్స్ దానికి ఐదున్నర కలిపి మధ్యాహ్నం మూడున్నర అంటుంది. ఇంటర్నెట్ అందగానే సర్దుకుంటుంది, నిజమే. వర్షం పడి నెట్ పోయిన రోజున సర్దుకోదు. మామూలు కంప్యూటర్లో ఇది చిన్న చిరాకు, అంతే. నిల్వ సర్వర్లో మాత్రం ఏది కొత్త ఫైలు, ఏది పాతది అన్న నిర్ణయం గడియారాన్ని బట్టే జరుగుతుంది. రెండు చోట్ల ఉన్న ఒకే ఫైల్లో కొత్తది ఉంచి పాతది చెరిపే ప్రోగ్రాం, తప్పుడు గంటను నమ్మి మంచి ఫైలును చెరపగలదు. లినక్స్‌కు ఒక్క ఆదేశమిచ్చి బోర్డు గడియారాన్ని స్థానిక కాలంగా చూసేట్టు చేయవచ్చు. విండోస్‌నే ప్రామాణిక కాలానికి మార్చడం ఇంకా మంచిది.

మూడోది, ముందు ఎవరు లేవాలన్న తగువు. కంప్యూటర్ లేచినప్పుడు మొదట పలికే చిన్న ప్రోగ్రాంను బూట్ లోడర్ అంటారు. రెండు సిస్టమ్‌లూ ఒకే డిస్కు మీద ఉంటే, ఒకదాని అప్‌డేట్ రెండోదాని బూట్ లోడర్‌ను పక్కకు నెట్టే ప్రమాదం ఉంటుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ తర్వాత ప్రపంచమంతటా చాలా డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ లేవలేదు. పాత, లోపాలున్న బూట్ లోడర్లను అడ్డుకోవాలని చేసిన మార్పు వాడుకలో ఉన్నవాటికీ తగిలింది. అందుకని ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో చిన్న ఎస్ఎస్‌డీ ఇవ్వాలి. ఒకదాన్ని ఎక్కించేటప్పుడు మిగతా డిస్కులన్నింటి కేబుళ్లు, ముఖ్యంగా డేటా డిస్కులవి, పీకేయాలి. దీన్ని చాదస్తం అనుకోవద్దని నా మనవి. తనకు అర్థంకాని డిస్కు కనబడితే ఫార్మాట్ చేయమంటావా అని అడగడం విండోస్‌కు అలవాటు. అలసిపోయిన రాత్రి పన్నెండింటికి ఆ ప్రశ్నకు అవునని నొక్కడానికి ఒక్క క్షణం చాలు. కేబుల్ తగిలించి లేని డిస్కును ఎవరూ ఫార్మాట్ చేయలేరు.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, నిల్వ సర్వర్‌కు డ్యూయల్ బూట్ సరిపడదన్నది ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. కారణం చాలా సామాన్యమైనది. బావ కార్డు పని కోసం విండోస్‌లో ఉన్నంతసేపూ సర్వర్ లేనట్టే. అక్క ఫోన్లో ఫొటోలు కనబడవు, రాత్రి జరగాల్సిన నకళ్లు జరగవు, డిస్కుల ఆరోగ్యం చూసే తనిఖీ నడవదు. కాపలావాడు రోజూ పగలు వేరే ఉద్యోగానికి పోయే ఇంటికి కాపలా ఉందని ఎలా అనగలం?

డ్యూయల్ బూట్ తప్పని చోటొకటి ఉంది. నిల్వ కోసమే తయారైన రెండు సిస్టమ్‌ల మధ్య మారాలనుకునేవాళ్లు ఉంటారు. 2005లో ఫ్రీనాస్ పేరుతో పుట్టి తర్వాత ట్రూనాస్ అయిన సిస్టమ్ చాలాకాలం ఫ్రీబీఎస్‌డీ మీద నడిచింది. 2022లో దాని లినక్స్ రూపం విడుదలైంది. పాతదాన్ని వెంటనే తీసేయకుండా, కొత్తదాన్ని పక్కన పెట్టి కొన్నాళ్లు చూద్దామనుకోవడం సహజం. రెండూ వాడేది జెడ్ఎఫ్ఎస్ అనే నిల్వ పద్ధతి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బోన్విక్, మాథ్యూ అహ్రెన్స్ కలిసి దీన్ని కట్టారు. 2005లో దాని సోర్సు కోడు బయటికొచ్చింది. రెండు డిస్కులో నాలుగు డిస్కులో కలిపి ఒక చెరువు చేస్తుంది. దాన్ని పూల్ అనే అంటారు.

జెడ్ఎఫ్ఎస్ కట్టినవాళ్లకు ఇద్దరు లస్కర్ల సంగతి బాగా తెలుసు. ప్రతి సిస్టమ్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పూల్‌ను చివరగా వాడినవాళ్ల సంఖ్య పూల్ మీదే రాసి ఉంటుంది. ఒక సిస్టమ్ పూల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసిందంటే, మెమరీలో ఉన్నదంతా డిస్కులోకి దింపి, పుస్తకం మూసి, తాళంచెవి కొక్కేనికి తగిలించిందని లెక్క. అప్పుడు రెండోది హాయిగా ఇంపోర్ట్ చేసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్ చేయకుండా వెళ్లిపోతే కొత్తగా వచ్చినది ఆగి, ఈ పూల్ ఇంకొకరి పేరున ఉందని చెబుతుంది. బలవంతంగా తీసుకునే మార్గం ఇక్కడా ఉంది. ఆ పాతది నిజంగా ఆగిపోయిందని కళ్లతో చూశాక మాత్రమే దాన్ని వాడాలి. 2017లో ఇంకో కాపలా కూడా చేర్చారు. మల్టీహోస్ట్ అనే ఆ ఏర్పాటును పెట్టుకుంటే, పూల్‌ను వాడుతున్న సిస్టమ్ ఎడతెగకుండా డిస్కు మీద చిన్న గుర్తు పెడుతూ ఉంటుంది, చీకట్లో తూము మీద లస్కరు లాంతరు ఊపుతున్నట్టు. కొత్తగా వచ్చినది కాసేపు ఆగి చూస్తుంది. లాంతరు కదులుతుంటే వెనక్కి తగ్గుతుంది. ఒక సిస్టమ్‌ను నకలు తీసి రెండోదిగా వాడితే మాత్రం ఇద్దరికీ గుర్తింపు సంఖ్య ఒకటే అవుతుంది, ఆ కాపలా పనిచేయదు. ఆ సంఖ్యను మార్చుకోవాలి.

ఇంకొక ఉచ్చు ఉంది, అది స్నేహంగా కనిపిస్తుంది. కొత్త సిస్టమ్‌లోకి వెళ్లగానే, మీ పూల్‌ను అప్‌గ్రేడ్ చేసుకోవచ్చన్న కబురు తెరమీద వస్తుంది. మంచిదే కదా అని ఒప్పుకుంటే కొత్త సదుపాయాలు పూల్‌లో చేరతాయి. అవి తెలియని పాత సిస్టమ్ ఆ పూల్‌ను ఇక తెరవలేకపోవచ్చు. వెనక్కి వచ్చే దారి లేదు. రెండు సిస్టమ్‌ల మధ్య తిరుగుతున్నన్నాళ్లూ ఆ కబురును పట్టించుకోవద్దు. 2021లో వచ్చిన ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్ 2.1 నుంచి, ఫలానా పాత సిస్టమ్‌కు తెలిసిన సదుపాయాలే వాడమని పూల్‌కు ముందే కట్టుబాటు పెట్టే వీలు వచ్చింది. పూల్ కట్టేరోజే అది పెట్టుకోవడం మేలు.

ఇక మా ఇంట్లో చివరికి కుదిరిన పద్ధతి. లినక్స్ ఎప్పుడూ నడుస్తుంది, జెడ్ఎఫ్ఎస్ పూల్‌గా ఉన్న డిస్కులన్నీ దానివే. విండోస్ దాని లోపల, వర్చువల్ మెషిన్‌గా, ఒక కిటికీలో నడుస్తుంది. ఒక యంత్రంలో ఇంకో యంత్రం ఉన్నట్టు నమ్మించడం కొత్త విద్య కాదు. 1960ల్లోనే ఐబీఎం తన పెద్ద కంప్యూటర్ల మీద దాన్ని చేసింది, 1972లో వీఎం/370 పేరుతో విడుదల చేసింది. మన బల్లల మీది కంప్యూటర్లలో ఆ పని 2005, 2006ల్లో సులువైంది. ఇంటెల్, ఏఎండీ తమ చిప్‌లలోనే దానికి సాయం చేర్చాయి. 2007లో లినక్స్ గుండెలోకి కేవీఎం అనే భాగం వచ్చి చేరింది. ఇవాళ మామూలు డెస్క్‌టాప్ కూడా ఈ పని చేస్తుంది. 16 జీబీ మెమరీ ఉంటే కొత్త విండోస్‌కు 8 ఇచ్చి, మిగతాది లినక్స్‌కు వదలొచ్చు. పాత విండోస్ ఎక్స్‌పీకి ఒక్క జీబీ ఇచ్చినా పరుగెత్తుతుంది. జెడ్ఎఫ్ఎస్‌కు ఖాళీ మెమరీ కనబడితే వాడుకునే గుణం ఉంది కాబట్టి దానికి ఒక హద్దు పెట్టాలి.

ఈ పద్ధతిలో విండోస్‌కు అసలు డిస్కులు కనబడవు. దానికి కనబడేది లినక్స్ ఇచ్చిన ఒక ఉత్తుత్తి డిస్కు, అందులో విండోస్, పేజ్‌మేకర్, ఫాంట్లు. షాపు ఫైళ్లు దానికి నెట్‌వర్క్ ఫోల్డర్‌గా అందుతాయి. సాంబా అనే ప్రోగ్రాం ఆ మధ్యవర్తిత్వం చేస్తుంది. బావ ఫైలు కావాలంటే లస్కరును అడగాలి, ఆయనే తీసిస్తాడు. తూము మీద రెండో చెయ్యి పడే అవకాశమే ఉండదు.

కొందరు దీన్ని తిరగేసి చేస్తారు. ప్రాక్స్‌మాక్స్ లాంటి సిస్టమ్‌ను అడుగున పెట్టి, ట్రూనాస్‌ను దాని మీద వర్చువల్ మెషిన్‌గా నడిపి, అసలు డిస్కులను దానికి అప్పగిస్తారు. చేయవచ్చు. అయితే డిస్కులను విడివిడిగా అప్పగిస్తే, అడుగున ఉన్నదానికీ అవి కనబడుతూనే ఉంటాయి. అది లేస్తూ లేస్తూ ఆ పూల్‌ను తనదనుకుని ఇంపోర్ట్ చేసుకుంటే, ఇద్దరు లస్కర్లు ఒకే క్షణంలో ఒకే గేటు తిప్పుతారు. డ్యూయల్ బూట్‌లో కునుకు వల్ల జరిగిన అనర్థం ఇక్కడ నిలువునా జరుగుతుంది, పూల్ మొత్తం పోవచ్చు. ఆ దారిలో పోయేవాళ్లు డిస్కులు తగిలించిన కంట్రోలర్ కార్డునే మొత్తంగా లోపలి సిస్టమ్‌కు ఇచ్చేయాలి, బయటిదానికి ఆ కార్డు కంటికి కూడా ఆనకూడదు. ఇంటి అవసరానికి ఇంత ప్రయాస ఎందుకన్నది నా ప్రశ్న. ఎవరి దగ్గర డిస్కులున్నాయో వాళ్లే ఇంటి యజమాని కావాలి, రెండోవాళ్లు అద్దెకుండాలి.

అద్దెకున్న విండోస్ పాతదైతే దానికి ఇంకో కట్టుబాటు కావాలి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సెలవు చెప్పింది. అలాంటిదాన్ని ఇంటర్నెట్‌కు కలపకూడదు. కలపకపోయినా ఇంకో చిక్కు మిగులుతుంది. ఎక్స్‌పీకి తెలిసిన నెట్‌వర్క్ ఫోల్డర్ భాష చాలా పాతది, ఎస్ఎంబీ మొదటి రూపం. 2019 నుంచి సాంబా దాన్ని తనంతట తాను మాట్లాడదు. మాట్లాడించవచ్చు గానీ వద్దు. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై ఆ పాత భాషలోని లోపం గుండానే పాకింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన ఆ వైరస్ బారిన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా పడ్డాయి. ఎక్స్‌పీకి ఫైళ్లు ఇవ్వాలంటే మేం చేసేది ఇది. ఒక చిన్న ఉత్తుత్తి డిస్కు చేసి, దాన్ని లినక్స్‌లో తెరిచి ఫైళ్లు వేసి, మూసి, అప్పుడు ఎక్స్‌పీకి తగిలించి లేపుతాం. పని అయ్యాక ఎక్స్‌పీని పూర్తిగా ఆపి, మళ్లీ లినక్స్‌లో తెరుస్తాం. ఒకేసారి రెండుచోట్ల తెరిస్తే, అంత చిన్న డిస్కూ మా 2011 ఫోల్డర్ దారే పడుతుంది.

డీటీపీ వాళ్లకు ఒక మాట. కొన్ని సాఫ్ట్‌వేర్లకు హార్డ్‌లాక్, అంటే తగిలిస్తేనే ప్రోగ్రాం నడిచే చిన్న పరికరం, ఉంటుంది. అది యూఎస్‌బీదైతే వర్చువల్ మెషిన్‌కు అప్పగించవచ్చు, సాధారణంగా పనిచేస్తుంది. పాత ప్రింటర్ పోర్టుకు తగిలించేదైతే కొత్త బోర్డుల్లో ఆ పోర్టే ఉండదు. పాత కంప్యూటర్‌ను తూకానికి అమ్మే ముందే ఈ సంగతి చూసుకోండి.

ఈ ఏర్పాటు మొదలైన కొన్నాళ్లకు దాని అసలు విలువ తెలిసింది. విండోస్ అప్‌డేట్ ముందు దాన్ని పూర్తిగా ఆపి, దాని ఉత్తుత్తి డిస్కుకు స్నాప్‌షాట్, అంటే మొదట చెప్పిన ఫొటో లాంటిది, తీస్తాం. రెండు సెకన్ల పని. అప్‌డేట్ వికటిస్తే వెనక్కి తిప్పడమూ అంతే. షాపు ఫోల్డర్‌కు ప్రతి గంటకూ స్నాప్‌షాట్ తీసేట్టు పెట్టాం. విండోస్‌లోకి ఏ వైరసో వచ్చి ఫోల్డర్‌లోని ఫైళ్లన్నింటినీ పాడు చేసిందనుకుందాం. అది పాడు చేయగలిగింది ఇప్పటి రూపాన్నే. గంట కిందటి రూపం లినక్స్ దగ్గర ఉంటుంది, దాన్ని ముట్టుకునే అధికారం విండోస్‌కు లేదు. రెండు సిస్టమ్‌లు ఉండటం వల్ల వచ్చిన రక్షణ ఇది. డిస్కులూ విండోస్‌వే అయ్యుంటే ఆ వైరస్‌కు పాత రూపాల మీదా చెయ్యి పడేది.

కరెంటు గురించి మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. వేసవి చివర గాలిదుమారం లేచిందంటే తీగలు తెగుతాయి. జెడ్ఎఫ్ఎస్ పాత ముక్క మీద కొత్తది రాయదు, పక్కన రాసి ఆ తర్వాత గుర్తు మారుస్తుంది, కాబట్టి హఠాత్తుగా కరెంటు పోయినా పూల్ చెక్కుచెదరకుండా ఉండటానికే అవకాశం ఎక్కువ. లోపలి విండోస్‌కు ఆ భరోసా లేదు. సగం రాసిన ఫైలు సగమే మిగులుతుంది. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటారు. ఇన్వర్టర్ కరెంటు ఇస్తుంది గానీ, బ్యాటరీ అయిపోతోందన్న కబురు కంప్యూటర్‌కు చెప్పదు. యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ చెబుతుంది. ఆ కబురు అందగానే ముందు విండోస్‌ను, అది పూర్తిగా ఆగాక లినక్స్‌ను ఆపే ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సర్వర్ ముందు ఆ యూపీఎస్ పెట్టమనే అంటాను.

రెండు డిస్కుల్లో జంటగా ఉంది కదా, ఇంకో నకలు ఎందుకని బావ అడిగాడు. జంట డిస్కులు ఒకే పెట్టెలో ఉంటాయి. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మా మండలంలోని రాకాసి తండా మునిగింది. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అప్పటిదాకా నకలు డిస్కును ఖమ్మంలో, మున్నేటికి దగ్గర్లో ఉన్న చుట్టాలింట్లో పెడదామని అనుకుంటూ ఉన్నాం, పాతిక కిలోమీటర్లు దూరం కదా అని. ఆకేరు తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది. రెండూ ఒకే వాన నీళ్లు. దూరాన్ని కిలోమీటర్లలో లెక్కపెట్టినందుకు ఆ రోజు సిగ్గనిపించింది. నకలు ఉండాల్సింది వేరే ఏటి పరీవాహకంలో, మేడ మీద.

ఇప్పుడది కొత్తగూడెంలో, బావ చెల్లెలి ఇంట్లో, రెండో అంతస్తు బీరువాలో ఉంది. ఆ డిస్కుకు ఇక్కడి పూల్‌తో సంబంధం లేదు, తన పూల్ తనది. నెలకోసారి బస్సులో వస్తుంది, స్నాప్‌షాట్లు ఎక్కించుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ చేశాకే తీగ పీకుతాం, మళ్లీ బస్సెక్కుతుంది. అందులో విండోస్ ఉత్తుత్తి డిస్కు కూడా ఉంటుంది. అది లేకుండా ఫైళ్లు మాత్రమే ఉంటే, మొదట చెప్పానే, రోమన్ గుర్తుల బారులే మిగులుతాయి.

మొన్న దసరాకు నా ల్యాప్‌టాప్ తీసుకుని కొత్తగూడెం వెళ్లాం. తిరుమలాయపాలెం సర్వర్ లేదనే అనుకుని, ఆ డిస్కులోని పూల్‌ను మార్పులేమీ రాయకుండా చదవడానికి మాత్రమే ఇంపోర్ట్ చేశాను. విండోస్ ఉత్తుత్తి డిస్కుకు ల్యాప్‌టాప్‌లో ఒక నకలు తీసి లేపాను. ఏదైనా ఒక కార్డు తియ్యమని బావకు మౌస్ ఇచ్చాను. ఆయన 2009లోకి పోయి ఒక ఫైలు నొక్కాడు. పేజ్‌మేకర్ నెమ్మదిగా తెరుచుకుంది. పైన వినాయకుడు, కింద 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు', ఒత్తులు, కొమ్ములు, సున్నాలు ఎక్కడివక్కడ. అది ఆ చెల్లెలి పెళ్లి కార్డే. ఆమెను పిలిచాడు. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెర మీద తన పేరు చదువుకుని, ఒక కాపీ ప్రింట్ తీసిమ్మంది.